పోతన మహాకవి ధ్యానము

అది పున్నమి రాత్రి. చంద్రగ్రహణము సంభవించినది. బమ్మెర పోతరాజు పెద్దల అనుజ్ఞ గైకొని గంగాతీరమునకు పోయి, గ్రహణస్నానము చేసి, ఇసుకతిన్నెపై ఆసీనుడయ్యెను. కన్నులు పూర్తిగా మూసికొనలేదు, పూర్తిగా తెరవను లేదు. హృదయమున మహేశ్వరుని నిలుపుకొని ధ్యానించుచుండెను. అట్లుండగా ఆతని ఎదుట ఒక దివ్యరూపము సాక్షాత్కరించినది. ఆ రూపము మహేశ్వరునిది కాదు. శిరస్సున కిరీటముతో, భుజమున ధనుస్సుతో, ప్రక్కన జానకితో శ్రీరామచంద్రుడు నిలిచియుండెను.

ఇది తరువాతివారు భక్తితో అల్లిన గాథ కాదు. పోతన తన భాగవత పీఠికలో తానే చెప్పుకొన్న విషయము. వచ్చినవాడు తాను రామభద్రుడనని తెలిపి, శ్రీమహాభాగవతమును తన పేర తెనుగు చేయుమనియు, చేసినచో భవబంధములు తెగిపోవుననియు ఆజ్ఞాపించి అంతర్ధానమయ్యెనట. ఆ గంగ ఉత్తరదేశపు భాగీరథియా, మనవారు గౌతమీగంగ యని కొలుచు గోదావరియా యని పండితులు వాదించుకొనిరి. ఆ వాదము మనకు ఇచ్చట ముఖ్యము కాదు. ఆ రాత్రి ఆ కవి మనస్సున ఏ కోరిక యుండెను, ఏ రూపము నుంచి ధ్యానించెను, లేచిన పిదప ఏమి చేసెను అనునవి మాత్రము మిక్కిలి ముఖ్యము.

ఏలయన, కోరిన దానిని మనస్సున చిత్రముగా నిలుపుకొన్నచో అది సిద్ధించునని నేడు పలువురు బోధించుచున్నారు. పరీక్షకు చదువు విద్యార్థులు తాము కోరు ర్యాంకును కాగితముపై వ్రాసి గోడకు అంటించుకొనుచున్నారు. ఇల్లు కోరువాడు ఇంటి బొమ్మను, ఉద్యోగము కోరువాడు ఆ కుర్చీలో కూర్చున్నట్లు తన బొమ్మను ఊహించుకొనుచున్నాడు. ఇట్టి పిల్లల తల్లిదండ్రులు ఆలయమునకు వచ్చి, ఈ విద్య మన శాస్త్రములందు చెప్పబడినదేనా యని అడుగుట కద్దు. భావన యనునది మన పెద్దలకు క్రొత్త కాదు. అయినను వారు దేనిని భావింపుమనిరో తెలిసికొన్నగాని అవునని గాని కాదని గాని చెప్పరాదు. ఓరుగల్లు సీమవారికి ఇందులకు దూరము పోవలసిన పని లేదు. మన పోతన జీవితమే యున్నది.

బమ్మెర గ్రామము చిరకాలము వరంగల్లు జిల్లాలో ఉండి, 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు జనగామ జిల్లాలో చేరినది. దానికి సమీపమున నున్నది పాలకురికి, అనగా బసవపురాణ కర్త సోమనాథుని ఊరు. ఒకే మండలములోని రెండు పల్లెలు తెలుగు వాఙ్మయమునకు ఇద్దరు మహాకవుల నిచ్చినవి. ఒకడు వీరశైవమునకు, ఒకడు భాగవత ధర్మమునకు. పోతన తండ్రి కేసన, తల్లి లక్కమాంబ, అన్న తిప్పన. కౌండిన్యస గోత్రము. కాలము 15వ శతాబ్దము.

ఆ నాటి ఓరుగల్లు ఎట్లుండెనో ఒక్క క్షణము తలపోయుదము. 1323లో కాకతీయ రాజ్యము కూలినది. కోట నడుమ స్వయంభూదేవుని ఆలయము నేలమట్టమై, నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు మాత్రము నిలిచియుండెను. పిదప ముసునూరివారు, రేచర్ల వెలమ ప్రభువులు ఈ సీమను ఏలిరి. 1425 ప్రాంతమున బహమనీ సుల్తాను అహమ్మదు షా ఓరుగల్లును స్వాధీనము చేసికొనెను. దేవుని గుడి రాళ్లు చెదరియున్న పట్టణమును చూచుచు పెరిగిన తరమునకు చెందినవాడు పోతన. నేటికిని కోటలోనికి పోయినవారు ఆ తోరణముల మధ్య నిలిచి, ఇచ్చట గర్భగృహ ముండెడిదని మనస్సుతోనే కట్టుకొనవలసియున్నది.

పోతన జన్మస్థానమును గూర్చియు వివాదము కలదు. ఆతడు చెప్పిన ఏకశిలానగరము కడప మండలములోని ఒంటిమిట్ట యని కొందరు. అచ్చట సీతారామలక్ష్మణులు ఒకే శిలయందు వెలసియున్నారు. ఏకశిల యనగా ఓరుగల్లే యని మన ప్రాంతపు పండితులు. ఓరుగల్లు కోటలోని ఆ ఒంటి రాతిగుట్టను చూచినవారికి వేరు ప్రమాణము అక్కరలేదని ఈ వ్యాసకర్త తలంపు. బమ్మెర యను ఇంటిపేరు, బమ్మెర యను ఊరు ఇచ్చటనే యున్నవి గదా. అయినను ఒంటిమిట్ట కోదండరాముని సన్నిధిని పోతనను తలచుకొని చేతులు జోడించువారితో మనకు తగవు లేదు. ఒక కవిని మావాడని రెండు సీమలవారు లాగుకొనుట ఆ కవి భాగ్యము, భాషాభాగ్యము.

పోతన కాలమునాటి చిత్రపటమేదియు మనకు లేదు. అయినను పోతన యనగానే మన తాతల కన్నులయెదుట ఒక సౌమ్యమైన ముఖము నిలిచెడిది. 1943లో వాహినీవారి భక్తపోతన చలనచిత్రములో చిత్తూరు నాగయ్య ధరించిన వేషమది. కె.వి. రెడ్డి దర్శకత్వము వహించిన మొదటి చిత్రము కూడ అదియే. ఒకమారు మనస్సున నాటుకొన్న రూపము ఎంత గట్టిగా పాతుకొనునో దీనినిబట్టియే ఊహింపవచ్చును.

పోతన పుట్టినది శైవ కుటుంబమున. తండ్రి శైవశాస్త్రము నెరిగినవాడు. అన్న ఈశ్వరసేవాపరుడు. యౌవనమున పోతన వ్రాసిన వీరభద్రవిజయము దక్షయజ్ఞధ్వంసమును వర్ణించు శివపరమైన కావ్యము. భోగినీదండక మను మరియొక చిన్న కృతి ఆతనిదే యని కొందరును, కాదని కొందరును అందురు. నారాయణ శతకమును ఆతనికి ఆరోపింతురు. వీనిని గూర్చి ఇంత చాలును. వీరభద్రుని ఉగ్రరూపమును వర్ణించిన గంటము బాలకృష్ణుని వెన్నముద్దలను వర్ణించు గంటముగా మారిన సంధి ఏదియన, అది ఆ గ్రహణరాత్రియే.

హనుమకొండ వేయిస్తంభముల గుడిని చూచినవారికి ఈ మార్పు వింతగా తోచదు. 1163లో కాకతి రుద్రదేవుడు నిర్మించిన ఆ త్రికూటాలయమున రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యదేవుడు ఒకే మండపము చుట్టు మూడు గర్భాలయములందు ప్రతిష్ఠింపబడిరి. ఒకరి వాకిట నిలిచి తల త్రిప్పినచో మరియొకరి వాకిలి కనబడును. పోతనకు ధ్యానమున జరిగినదియు అట్టిదే. ఒక వాకిట కూర్చుండెను, వేరొక వాకిలి తెరచుకొనెను.

ఇచ్చట మనము నిదానించి చూడవలసిన సంగతి యొకటి కలదు. ఆ రాత్రికి ముందే పోతన మనస్సున ఒక కోరిక యుండెను. నారాయణుని కథలను రచింపవలెనను కుతూహలముతో తాను ఉంటినని ఆతడే పీఠికలో చెప్పుకొన్నాడు. అనగా లక్ష్యము ముందే ఏర్పడియున్నది. అట్టివాడు గంగ యొడ్డున కూర్చుండి ఏమి భావింపవలెను? నేటి బోధకుల మాట ప్రకారమైతే, పూర్తియైన గ్రంథము తన చేతిలో నున్నట్లు, పండితులు మెచ్చుకొనుచున్నట్లు, లోకమంతయు చదువుచున్నట్లు ఊహించుకొనవలెను. పోతన అట్లు చేయలేదు. కోరినది విష్ణుకథా రచన, ధ్యానించినది శివుని. గ్రంథమును గాని, కీర్తిని గాని, తన్ను గాని ఆ ధ్యానములోనికి రానీయలేదు. కోరిక ప్రక్కన నిలిచిపోయినది, మనస్సు దైవముతో నిండినది. అట్లు నిండిన మనస్సునకు ఆజ్ఞ వచ్చినది. అదియును తాననుకొన్న దిక్కునుండి రాలేదు.

ఇదే మర్మమును పోతన తాను తెనిగించిన భాగవతమున, చతుర్థ స్కంధములోని ధ్రువుని కథలో విస్తరించి చూపినాడు. అయిదేండ్ల పసివాడు. తండ్రి ఉత్తానపాదుని తొడనెక్కబోగా సవతితల్లి సురుచి అడ్డుపడి, తన కడుపున పుట్టనివానికి ఆ అర్హత లేదనినది. బాలుడు ఏడ్చుచు తల్లి సునీతి కడకు పోయెను. ఆమె కన్నీరు పెట్టుకొనుచునే సవతిని నిందింపక, శ్రీహరిని ఆశ్రయింపుమని చెప్పెను. బాలుడు ఊరు విడిచెను. త్రోవలో నారదుడు ఎదురై, పసివానికి మానావమానము లేమిటని, ఇంటికి మరలి పొమ్మని నచ్చజెప్పెను. ధ్రువుడు వినలేదు. తన తండ్రితాతలు గాని మరియెవ్వరు గాని పొందని ఉన్నతస్థానము తనకు కావలెనని పట్టుబట్టెను. ఇంతకంటె స్పష్టమైన వ్యక్తిగత లక్ష్యము ఏ పురాణమందును కానరాదు. గాయపడిన మనస్సు నుండి పుట్టిన లక్ష్యమది.

అప్పుడు నారదుడు ఆ కోరికను తప్పుపట్టలేదు, తీసివేయమని చెప్పలేదు. ద్వాదశాక్షరీ మంత్రము నుపదేశించి, యమునాతీరమునందలి మధువనమునకు పంపుచు, ధ్యానింపవలసిన రూపమును వర్ణించి చెప్పెను. ప్రసన్నమైన ముఖము, నల్లని మేను, శ్రీవత్సము, వనమాల, శంఖ చక్ర గదా పద్మములు పట్టిన నాలుగు చేతులు, పచ్చని పట్టువస్త్రము, కాళ్ల అందెలు, వరమీయ సిద్ధమైన చూపు. ఈ పట్టికలో లేనిది ఏమో గమనింపుడు. సింహాసనము లేదు. తండ్రి తొడ లేదు. సవతితల్లి సిగ్గుపడి నిలిచిన దృశ్యము లేదు. కోరినది సింహాసనమే యైనను గురువు భావింపుమన్నది సింహాసనమును కాదు.

ఆ బాలుడు చేసిన తపస్సు నెలనెలకు తీవ్రమైనది. మొదటి నెల మూడు దినములకొకమారు వెలగపండ్లు, రేగుపండ్లు తినెను. రెండవ నెల ఆరు దినములకొకమారు రాలిన ఆకులు, గడ్డి. మూడవ నెల తొమ్మిది దినములకొకమారు నీరు. నాలుగవ నెల పండ్రెండు దినములకొకమారు గాలి. అయిదవ నెలలో శ్వాసను బంధించి ఒంటికాలిపై నిలిచెను. అంతట లోకములకు ఊపిరాడకపోయినది. శ్రీహరి గరుడవాహనుడై వచ్చి ఎదుట నిలిచినను బాలుడు కన్ను తెరవలేదు, ఆతని చూపంతయు లోపలి రూపముపైననే యున్నది గనుక. అప్పుడు ఆ లోపలి రూపము మెరుపువలె మాయమైనది. బాలుడు త్రుళ్లిపడి కన్నులు తెరచెను. లోపల పోయినది వెలుపల నిలిచియున్నది. ఈ ఘట్టమును చదువునపుడెల్ల గంగ యొడ్డున అరమోడ్పు కన్నులతో కూర్చున్న కవి నా మనస్సున మెదలును. ధ్రువుని కన్నులు తెరపించిన ఆ క్షణమును అంత ఆప్యాయముగా చెప్పుటకు పోతనకు స్వానుభవము తోడైనదని నా నమ్మకము.

శ్రీహరి తన శంఖముతో బాలుని చెక్కిలి నంటెను. మాటలు రానివానికి స్తోత్రము వచ్చినది. కోరిన రాజ్యము 36,000 ఏండ్లు, పిదప ఎన్నటికిని కదలని ధ్రువస్థానము లభించెను. లక్ష్యము పూర్ణముగా సిద్ధించినది. అయినను ధ్రువుడు ఇంటికి మరలుచు సంతోషింపలేదు. చక్రవర్తి ఎదుట నిలిచి గుప్పెడు నూకలు యాచించిన దరిద్రునివలె, మోక్షమీయగలవానిని తాను పదవి యడిగితినే యని కుమిలిపోయెను. లక్ష్యసాధనను గూర్చి నేడు వెలువడుచున్న పుస్తకములలో ఈ అధ్యాయము కానరాదు. కోరిక తీరిన పిమ్మట కోరినవాడే మారిపోయి, ఆ కోరిక చిన్నదిగా తోచుట యనునది వానికి అందని సంగతి.

నేటి శాస్త్రజ్ఞులు వేరొక త్రోవన వచ్చి ఈ మర్మపు గడపను తాకినారు. 1999లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అను మనస్తత్త్వ పరిశోధకులు, పరీక్షకు సిద్ధమగు విద్యార్థులపై చేసిన పరిశోధనను ప్రకటించిరి. కొందరిని మంచి మార్కులు వచ్చినట్లు ఊహించుకొనుమనిరి. కొందరిని కూర్చుండి చదువుచున్నట్లు, చదివిన విధమునంతయు ఊహించుకొనుమనిరి. రెండవవారు మెరుగుగా వ్రాసిరి. మార్కులను మాత్రమే ఊహించుకొన్నవారికి ఆ మేలు కలుగలేదు. ఫలమును చిత్రించుకొనుట వేరు, ఫలము నిచ్చు పనియందు మనస్సు నిలుపుట వేరు అని వారు తేల్చిరి. వారి మాట దైవమును గూర్చినది కాదు. అయినను గోడమీది ర్యాంకు కాగితమునకు అది వర్తించును.

భావన చేయు క్రమమును భాగవతము తృతీయ స్కంధమున కపిలుని నోట చెప్పించినది. కర్దమ ప్రజాపతి కుమారుడైన కపిలుడు తన తల్లి దేవహూతికే గురువై ధ్యానమార్గమును బోధించెను. రూపమునంతటిని ఒక్కసారిగా పట్టుకొన యత్నింపరాదు. ముందు పాదములు. పాదతలములందలి వజ్రము, అంకుశము, ధ్వజము, పద్మము అను రేఖలు. అవి నిలిచిన పిదప పిక్కలు, మోకాళ్లు, ఊరువులు. అటుపిమ్మట నాభి, వక్షము, కౌస్తుభము, భుజములు. కడపట ముఖము, ముఖమున చిరునవ్వు. మనస్సు ఒకచోట కుదిరినగాని వేరొకచోటికి పోరాదు. విగ్రహము చెక్కు స్థపతికివలె ఇది ఓపిక పని. తుదకు ఆ చిరునవ్వునందు మనస్సు కరగినపుడు, చేపను పట్టిన గాలమును మెల్లగా వదలినట్లు, పట్టుకొన్న రూపమును సైతము మనస్సు తనంతట తానే విడుచునని కపిలుడు చెప్పెను. ఆలయమున హారతివేళ అర్చకుడు హారతి పళ్లెమును పాదములనుండి మెల్లగా ముఖమువరకు ఎత్తి చూపునపుడు మనము చూచునది ఈ క్రమమునే. తొందరపడి ముఖమునే చూచి వెళ్లిపోవువారము మనము.

భావనకు మరియొక ముఖము కలదు. దానిని భాగవతము దాచలేదు. కంసుడును ధ్యానించినవాడే. కూర్చున్నను నిలుచున్నను, తినుచున్నను త్రాగుచున్నను, నడచుచున్నను ఆతనికి కృష్ణుడే కానవచ్చెను. ఏ యోగికిని అంత ఏకాగ్రత కుదరదు. అయితే ఆ చిత్రమును గీసినది భయము. చిత్రించుకొన్నది చిత్రించుకొన్నట్లే ఆతని ఎదుటికి వచ్చినది. సప్తమ స్కంధమున నారదుడు ధర్మరాజునకు ఈ విషయమును చెప్పుచు, గోపికలు కామముచేత, కంసుడు భయముచేత, శిశుపాలాదులు వైరముచేత, యాదవులు బంధుత్వముచేత, పాండవులు ప్రేమచేత, తమవంటివారు భక్తిచేత హరిని చేరిరని వివరించెను. తుమ్మెద గూటిలో చిక్కిన పురుగు తుమ్మెదనే తలచి తలచి తుమ్మెదయగునను సామ్యమును అచ్చటనే చెప్పెను. పురుగు తుమ్మెదను తలచుట ప్రేమచేత కాదు, భయముచేతనే. కావున రాత్రి నిద్రపట్టక ఓటమిని పలుమార్లు ఊహించుకొను విద్యార్థియు, వ్యాపారియు తెలియకయే గొప్ప ధ్యానము చేయుచున్నారని చెప్పవలెను. వారికి నేర్పవలసినది ధ్యానము కాదు, ధ్యేయమును మార్చుకొనుట.

తిరిగి పోతన కడకు వత్తము. రాముడు అంతర్ధానమైన పిదప ఆతడు ఆశ్చర్యముతో నిండి, ఏకశిలానగరమునకు వచ్చి, గురువుల, వృద్ధుల, పండితుల, బంధువుల అనుమతి గైకొని రచన కుపక్రమించెను. దైవమే స్వయముగా ఆజ్ఞాపించిన పిమ్మట మానవుల అనుమతి యెందులకు? పోతన స్వభావమెరిగినవారికి ఈ ప్రశ్న కలుగదు. తనకు కలిగిన దర్శనమును ఆతడు అధికారముగా వాడుకొనలేదు. ఊరిలోని పెద్దలముందు దానిని వినయముగా ఉంచెను. నేనొక రూపమును చూచితిని, నాకిక ఎవరితో పని యనువారిని మనము చూచుచునే యున్నాము. ఈ భేదము గ్రహింపదగినది.

పని సామాన్యమైనది కాదు. సంస్కృత భాగవతము పండ్రెండు స్కంధములు, పదునెనిమిదివేల శ్లోకములని ప్రసిద్ధి. దానిని తెలియుట శివునకు బ్రహ్మకు సైతము కష్టమని, పండితులవలన విన్నంత, తనకు కన్నంత చెప్పుదునని పోతన పీఠికలోనే ఒప్పుకొన్నాడు. నన్నయ తిక్కనాదులు ఇతర పురాణములను తెనిగించుచు దీనిని విడిచిపెట్టుట తన పూర్వపుణ్యమని సంతోషించెను. కొందరికి తెనుగు ప్రియము, కొందరికి సంస్కృతము ప్రియము. సందర్భమునుబట్టి అందరిని మెప్పింతునని కూడ చెప్పెను. గంగ యొడ్డున ఒక్క రాత్రి చూచిన దానికి, దినదినము తాటియాకుపై గంటము కదపుట తోడైనది. ప్రతి స్కంధము ఆరంభమునను అంతమునను రాముని సంబోధించి పద్యములు చెప్పెను. తీరమున చూచిన రూపమును పని మొదలిడునపుడు ఒకమారు, ముగించునపుడు ఒకమారు చేయిచాచి తాకుచుండెనా యని తోచును.

ఆ రూపము అన్నివేళల సులభముగా చిక్కినదని తలపరాదు. అష్టమ స్కంధములోని గజేంద్రమోక్షమును తీసికొందము. త్రికూటగిరి సరస్సులో మొసలి నోట చిక్కి వేయేండ్లు పోరాడిన ఏనుగునకు బలము ఉడిగినది. ధ్యానించుటకు దానికి రూపము తెలియదు, నామము తెలియదు. ఆర్తులపాలిట ఉన్నాడని చెప్పబడువాడు నిజముగా ఉన్నాడో లేడో యను సందేహమును సైతము పోతన ఆ ఏనుగు నోట పలికించినాడు. భక్తికావ్యమున సందేహమునకు అంతటి గౌరవమైన చోటు ఇచ్చిన కవులు అరుదు. చిత్రము లేదు, పిలుపు మాత్రమున్నది.

ఆ పిలుపు వైకుంఠమున స్వామి చెవి సోకినది. అప్పుడు స్వామి ఎచ్చట, ఏ మేడలో, ఏ సరస్సు చెంత, ఎవరితో నుండెనో చెప్పవలసిన పద్యము వచ్చినది. జనులు చెప్పుకొను కథ యిది. పోతన పద్యమును ఎత్తుకొనెను గాని వైకుంఠము ఆతని మనస్సునకు కానరాలేదు. ఎంత యత్నించినను ముందుకు సాగలేదు. తాటియాకులను కుమార్తెకు అప్పగించి పొలమునకు పోయెను. తిరిగివచ్చి చూడగా పద్యము పూర్తియై యుండెను. ఎవరు వ్రాసిరని అడుగగా, నీవే వచ్చి వ్రాసి పోతివి గదా నాయనా యని ఆ పిల్ల ఆశ్చర్యపడినదట. రాముడే పోతన రూపమున వచ్చెనని ఊరివారి నమ్మకము. ఈ కథకు శాసనాధారము లేదు. అయినను నాకు ఇది ప్రియమైనది, ఏలయన ఇందు కవి గొప్పతనము కాదు, కవి ఆగిపోయిన చోటు చెప్పబడినది. ఆగినపుడు ఆతడు కన్నులు బిగించుకొని బలవంతముగా ఊహింపలేదు. నాగలి పట్టుటకు పోయెను.

దీనికి తోడుగా మరియొక కథ. గజేంద్రుని మొర విన్న స్వామి శంఖచక్రములను గైకొనక, లక్ష్మికి చెప్పక, పరుగున వచ్చెనని పోతన వర్ణింపగా, శ్రీనాథుడు నవ్వి, ఆయుధములు లేక వచ్చి చేయునదేమని యడిగెనట. పోతన అప్పటికి మిన్నకుండి, కొంత సేపటికి బావిలో పెద్దరాయి వైచి, శ్రీనాథుని బిడ్డ బావిలో పడెనని కేక పెట్టెను. శ్రీనాథుడు త్రాడు లేక, నిచ్చెన లేక వట్టిచేతులతో పరుగెత్తుకొని వచ్చెను. ఈ ఇద్దరు కవులు బావమరదులను మాటను పరిశోధకులు అంగీకరింపరు. బంధుత్వము నిజము కాకున్నను, వైకుంఠనాథుని ఒక తండ్రిగా పోతన చూచినాడన్నది పద్యములే చెప్పుచున్నవి. ఆతని మనస్సున నిలిచిన చిత్రము శిల్పశాస్త్రములోని కొలతలతో కూడినది కాదు. ఉత్తరీయము జారుచున్నను చూచుకొనక పరుగెత్తు ఇంటిపెద్దది.

పోతన కాలమున కవికి కోరదగిన వస్తువులు స్పష్టముగా ఉండెను. కావ్యమును రాజునకు అంకితమిచ్చినచో పురములు, వాహనములు, ధనము లభించును. ఆ పట్టికను పోతన తన గ్రంథారంభముననే పేర్కొన్నాడు. వానిని పుచ్చుకొని, చొక్కి, దేహము విడిచిన పిదప యమునిచే సమ్మెటపోట్లు తినజాలక, తాను మనఃపూర్వకముగా శ్రీహరికే ఈ గ్రంథమును ఇచ్చుచున్నానని చెప్పుకొన్నాడు. ఆశ లేనివాడు ఈ మాట చెప్పలేదు. ఊళ్లు, వాహనములు, ధనము ఎట్టివో ఎరిగినవాడు, వానిని కన్నులయెదుట నిలుపుకొని చూచి ప్రక్కకు నెట్టినవాడు చెప్పిన మాట యిది. పోతన పొలము దున్నుకొని బ్రతికెనని లోకప్రసిద్ధి. బమ్మెరలో ఆతని పొలమని, సమాధియని గ్రామస్థులు నేటికిని చూపుదురు. వరంగల్లులో ఆతని పేర విజ్ఞానపీఠము వెలసినది. మడికొండకు చెందిన వానమామలై వరదాచార్యులు పోతన చరిత్రము నొక మహాకావ్యముగా వ్రాసి అభినవ పోతన యను బిరుదు పొందెను. దున్నినవాడు పోయినను పంట మాత్రము ఈ సీమను విడువలేదు.

అయితే పోతన లక్ష్యము పూర్తిగా సిద్ధించినదా? లేదనియే చెప్పవలెను. ఆతడు తలపెట్టిన పండ్రెండు స్కంధములలో నేడు మనకు ఆతని చేతివ్రాతగా అన్నియు లభింపలేదు. సింగభూపాలుడను ప్రభువు భాగవతమును తనకు అంకితమీయుమని కోరగా పోతన నిరాకరించెననియు, రాజు కినిసి గ్రంథమును నేలలో పాతిపెట్టించెననియు, వెలికితీయునప్పటికి కొన్ని భాగములు శిథిలమైపోయెననియు జనశ్రుతి. ఇది నిజమో, తాటియాకులకు సహజముగా కలుగు చెదల బాధయో, పోతన కొన్ని భాగములను రచింపనేలేదో, పండితులకు ఏకాభిప్రాయము లేదు. పంచమ స్కంధము గంగనది. షష్ఠ స్కంధము ఏర్చూరి సింగనది. పదునొకండవ, పండ్రెండవ స్కంధములు వెలిగందల నారయవి.

నారయ తన స్కంధముల చివర తన్నుగూర్చి అధికముగా ఏమియు చెప్పుకొనలేదు. కేసనమంత్రి పుత్రుడును, సహజపండితుడును అయిన పోతనకు తాను ప్రియశిష్యుడనని మాత్రము వ్రాసికొన్నాడు. గురువు చూచినట్లు ఆతడు ఏ గ్రహణరాత్రియందును రాముని చూచినట్లు ఎచ్చటను చెప్పలేదు. అయినను పదునొకండవ స్కంధమును తెరచినచో మొదటి పిలుపు సీతాపతికే.